మనిషి లేని టెర్మినల్: సూడోటెర్మినల్ సింహావలోకనం

లినక్స్ కంప్యూటర్లో టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్ అని కొడితే ఫైళ్ల పేర్లు పక్కపక్కన వరసలు కట్టి, రంగులు పూసుకుని కనిపిస్తాయి. అదే ఎల్‌ఎస్‌ని పైప్ పెట్టి క్యాట్‌కి తగిలిస్తే రంగులు పోతాయి, వరసలు పోతాయి, లైనుకో పేరు చొప్పున ఒకదాని కింద ఒకటి పడతాయి. కమాండ్ అదే, డైరెక్టరీ అదే. అవుట్‌పుట్ వెళ్లే చోట టెర్మినల్ ఉందా లేదా అని ఎల్‌ఎస్ ముందే కనుక్కుంది, అంతే తేడా. అలా కనుక్కునే లైబ్రరీ ఫంక్షన్‌ని ఈజ్‌ఎటీటీవై అంటారు. ఇంట్లో చుట్టాలున్నప్పుడు ఒక తీరు, ఇంటివాళ్లే ఉన్నప్పుడు ఒక తీరు నడుచుకున్నట్టు, యునిక్స్ ప్రోగ్రాములు చాలావరకు ఈ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబును బట్టి ప్రవర్తన మార్చుకుంటాయి. ఇది మంచి అలవాటు కాదని బెల్ ల్యాబ్స్ వాళ్లు రాబ్ పైక్, బ్రయన్ కెర్నిహన్ 1980లలోనే రాశారు. ఎవరూ మానలేదు.

తన ప్రోగ్రాం లోపలి నుంచి షెల్‌ని నడపాలనుకున్నవాడికి చిక్కంతా ఇక్కడే వస్తుంది. పైపులు తగిలించి బ్యాష్‌ని లేపితే ప్రాంప్ట్ కనిపించదు. పాస్‌వర్డ్ అడగాల్సిన ప్రోగ్రాం మనం పంపిన అక్షరాల్ని పట్టించుకోకుండా టెర్మినల్ ఎక్కడుందా అని వెతుక్కుంటుంది. విమ్ అయితే అవుట్‌పుట్ టెర్మినల్‌కి వెళ్లడం లేదని హెచ్చరిక జారీ చేసి, ఆ తర్వాత చిందరవందర చేస్తుంది. గంటసేపు నడిచే ప్రోగ్రాం ఒక్క ముక్క బయటికి రానివ్వకుండా అంతా బఫర్‌లో దాచుకుని, చివర్లో ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. ఇక వేరే దారి లేక, అవతల కీబోర్డు ముందు మనిషి కూర్చుని ఉన్నాడని ఆ ప్రోగ్రాంని నమ్మించాలి. ఆ నమ్మకం పుట్టించే ఏర్పాటే సూడోటెర్మినల్. వాడుకలో పీటీవై.

దీన్ని ఎవరూ ముచ్చటపడి డిజైన్ చేయలేదు. అవసరం తోసుకొస్తే పుట్టింది, పాత ప్రోగ్రాములు వదలకపోతే బతికింది. దీన్ని తప్పించుకుని పోదామనుకున్నవాళ్లలో ఎక్కువమంది చివరికి దీన్నే ఇంకో పేరుతో మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. అరవై ఏళ్ల చరిత్రలో నాకు కనిపించే ప్రధాన సూత్రం అదే.

మొదట ఉన్నది నిజమైన యంత్రం. 1961లో ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం ఒకే కంప్యూటర్‌ని ఒకేసారి పలువురు వాడుకునే టైమ్‌షేరింగ్ పద్ధతిని చూపించింది. మనిషికీ కంప్యూటర్‌కీ మధ్య టైప్‌రైటర్ లాంటి సాధనం అవసరమైంది. అందుకు తేరగా దొరికింది టెలిగ్రాఫ్ లోకంలో వార్తలు కొట్టే టెలిటైప్. 1963లో వచ్చిన మోడల్ 33 సెకనుకు 10 అక్షరాలు కాగితం మీద కొట్టేది. ఇంగ్లిష్ చిన్న అక్షరాలు దానికి లేవు, అన్నీ క్యాపిటల్సే. అచ్చు కొట్టే తల లైను చివరి నుంచి మొదటికి తిరిగి రావడానికి ఒక అక్షరం కొట్టే సమయం చాలేది కాదు. అందుకే లైను మొదటికి వెళ్లమనే గుర్తు ముందు, కాగితం పైకి జరపమనే గుర్తు తర్వాత, రెండూ విడివిడిగా పంపేవారు. ఇది ఎప్పటి గోలో అనిపించవచ్చు. కానీ ఈరోజు పైథాన్‌తో పీటీవై మీద షెల్ నడిపి అవుట్‌పుట్ చదివితే ప్రతి లైను చివరా కనిపించే అదనపు అక్షరం, లైను మొదటికి వెళ్లమనే ఆ గుర్తే.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యునిక్స్ టెలిటైప్‌ల మీదే పెరిగింది. టెర్మినల్ డివైస్‌ని ఈనాటికీ టీటీవై అంటున్నది అందుకే. కాగితం మీద పడిన అక్షరాన్ని చెరపలేం కదా. తప్పు కొడితే # కొట్టేవారు, అంటే ముందున్న అక్షరం లెక్కలోంచి తీసేయమని. @ కొడితే మొత్తం లైను రద్దు. ఈ దిద్దుబాట్లన్నీ ప్రతి ప్రోగ్రామూ విడిగా చేసుకోనక్కర్లేకుండా కెర్నలే చేసిపెట్టి, శుభ్రమైన లైనుని ప్రోగ్రాంకి అందించేది. కొట్టిన అక్షరాన్ని తిరిగి కాగితం మీద చూపించడం, ఆపమనే సంకేతం వస్తే ప్రోగ్రాంకి ఇంటరప్ట్ పంపడం, లైను చివర సర్దుబాటు, యంత్రం తల వెనక్కి వచ్చేదాకా కాస్త ఆగడం, అన్నీ కెర్నల్ పనులే. ఈ కోడ్‌ని తర్వాత లైన్ డిసిప్లిన్ అన్నారు. మోడల్ 33 మ్యూజియంలకు చేరింది. దాని కోసం పుట్టిన ఈ పద్ధతి మాత్రం, చాలా మార్పులతో, మీ ఫోన్‌లోని ఆండ్రాయిడ్ కెర్నల్‌లో కూడా ఉంది.

పీటీవై పుట్టుక యునిక్స్‌లో కాదు. డెక్ కంపెనీ పీడీపీ-6 కంప్యూటర్ టైమ్‌షేరింగ్ మానిటర్‌లో 1967 నాటికే సూడోటెర్మినల్స్ ఉన్నాయి. అప్పుడు విండోలు లేవు, నెట్‌వర్కులూ లేవు. మరి ఎందుకంటే, బ్యాచ్ పని కోసం. ఆ సిస్టమ్‌లో పని చేయాలంటే టెర్మినల్ ముందు కూర్చుని లాగిన్ అయి కమాండ్లు కొట్టాలి. రాత్రిపూట మనుషులు లేకుండా వరసగా పనులు నడవాలంటే ఎలా? బ్యాచ్ ప్రోగ్రామే ఒక ఉత్తుత్తి టెర్మినల్ తెరిచి, వాడుకరిలా లాగిన్ అయి, ఫైల్లో రాసిపెట్టిన కమాండ్లు ఒక్కొక్కటే కొట్టి, వచ్చిన జవాబులు రాసిపెట్టుకునేది. అంటే ప్రోగ్రాం నుంచి షెల్‌ని నడపడమన్నది పీటీవైకి తర్వాత అబ్బిన ఉపయోగం కాదు. అది పుట్టిందే ఆ పని మీద. డెక్ వారి టాప్స్-10 కూడా ఇదే దారిలో వెళ్లింది. బీబీఎన్ సంస్థ పీడీపీ-10 కోసం రాసిన టెనెక్స్‌లోనూ ఈ సౌకర్యం ఉండేది. యునిక్స్ వాళ్లకి నమూనా దొరికింది అక్కడి నుంచే.

మరి యునిక్స్‌కి ఇంత ఆలస్యం ఎందుకైంది? 1973లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబట్టి పెట్టించిన పైపులు చాలా పనులు తీర్చేశాయి. ఒక ప్రోగ్రాం అవుట్‌పుట్ ఇంకోదానికి ఇన్‌పుట్‌గా వెళ్లడమే కావాలంటే టెర్మినల్ వేషం అనవసరం. చిక్కు రెండు వైపుల నుంచి వచ్చింది. ఒకటి, 1979 నాటి ఏడవ ఎడిషన్‌తో స్థిరపడిన స్టాండర్డ్ ఐవో లైబ్రరీ. అవతల టెర్మినల్ ఉంటే వెంటవెంటనే పంపడం, పైప్ ఉంటే బఫర్ నిండేదాకా ఆపడం దాని పద్ధతి. వేగానికి మంచిదే. కానీ ఒక ప్రోగ్రాంతో పైపు మీద మాట్లాడాలనుకుంటే మనం జవాబు కోసం చూస్తూ ఉంటాం, జవాబు దాని బఫర్‌లో కూర్చుని ఉంటుంది. రెండు ప్రోగ్రాములూ ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూ ఆగిపోతాయి. రెండోది జాబ్ కంట్రోల్. ఆస్ట్రియాలోని ఐఐఏఎస్‌ఏ సంస్థలో జిమ్ కల్ప్ రాసిన ఈ సౌకర్యాన్ని బర్కిలీ వాళ్లు 1980లో తమ యునిక్స్‌లో చేర్చుకున్నారు. కంట్రోల్-జెడ్‌తో ప్రోగ్రాంని ఆపి వెనక్కి నెట్టడం, మళ్లీ ముందుకు తెచ్చుకోవడం దీనివల్లే. ఏ ప్రాసెస్‌ల గుంపు ముందుంది, ఏది వెనకుంది అన్న లెక్క కెర్నల్ రాసుకునేది టెర్మినల్ పేరు మీదే. టెర్మినల్ లేకపోతే ఆ లెక్కే లేదు.

1983 ఆగస్టులో బర్కిలీ వాళ్లు విడుదల చేసిన 4.2 బీఎస్‌డీతో యునిక్స్‌కి పీటీవై డ్రైవర్ వచ్చింది. అదే విడుదలలో సాకెట్లు, టీసీపీ-ఐపీ వచ్చాయి. రెండూ కలిసి రావడం యాదృచ్ఛికం కాదు. నెట్‌వర్క్ మీద ఎక్కడో కూర్చున్నవాడు టెల్నెట్‌తోనో ఆర్‌లాగిన్‌తోనో లోపలికి వస్తే అతనికి షెల్ ఇవ్వాలి. సాకెట్‌నే షెల్ చేతిలో పెడితే కంట్రోల్-సి కొట్టినప్పుడు ఇంటరప్ట్ పంపేదెవరు? బ్యాక్‌స్పేస్ కొడితే చెరిపేదెవరు? పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు అక్షరాలు కనపడకుండా ఆపేదెవరు? ఇవన్నీ లైన్ డిసిప్లిన్ చేతిలో ఉన్నాయి, అదేమో టీటీవై వెనకే ఉంటుంది.

పీటీవైకి రెండు కొనలుంటాయి. ఒక కొన అచ్చం టెర్మినల్ డివైస్‌లా ఉంటుంది. షెల్ దాన్నే తెరుస్తుంది, దానికి అనుమానం రాదు. పాత పుస్తకాల్లో దీన్ని స్లేవ్ అంటారు. రెండో కొన, మాస్టర్, మన ప్రోగ్రాం చేతిలో ఉంటుంది. మాస్టర్‌లో రాసింది షెల్‌కి కీబోర్డు మీద కొట్టినట్టు అందుతుంది. షెల్ తెర మీద రాసింది మాస్టర్‌లో చదవడానికి దొరుకుతుంది. మధ్యలో లైన్ డిసిప్లిన్ ఎప్పటిలాగే తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. దీని మీద షెల్‌ని నిలబెట్టాలంటే వరస ఇది: మాస్టర్ తెరిచి ఫోర్క్ చేస్తాం. పుట్టిన ప్రాసెస్ సెట్‌సిడ్ పిలిచి పాత టెర్మినల్‌తో తెగతెంపులు చేసుకుంటుంది. స్లేవ్ కొనని తెరిచి దాన్ని తన సెషన్‌కి కంట్రోలింగ్ టెర్మినల్ చేసుకుంటుంది. ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్ మూడింటినీ దానికే కలిపి, అప్పుడు ఎగ్జెక్‌తో షెల్‌గా మారుతుంది. సెట్‌సిడ్ మరిచిపోతే షెల్ లేస్తుంది కానీ కంట్రోల్-సి పనిచేయదు, జాబ్ కంట్రోల్ లేదని షెల్ గొణుగుతుంది. తర్వాతి కాలంలో బీఎస్‌డీ లైబ్రరీలో వచ్చిన ఫోర్క్‌పీటీవై అనే ఫంక్షన్ ఈ తతంగమంతా ఒక్క పిలుపులో చేసిపెడుతుంది.

కొత్తగా వాడేవాళ్లు మొదట తడబడే చోటు ఒకటి చెప్పాలి. మాస్టర్‌లో ఎల్‌ఎస్ అని రాసి ఎంటర్ పంపారనుకోండి. చదవబోతే మొదట వచ్చేది ఫైళ్ల పేర్లు కాదు, మీరు రాసిన ఎల్‌ఎస్సే తిరిగొస్తుంది. అది ఎకో. టెలిటైప్ మీద కొట్టినవాడికి తాను కొట్టింది కనపడాలి కదా. దాని వెనక ప్రాంప్టులు, రంగుల సంకేతాలు, లైను చివరి రెండేసి అక్షరాలు. ప్రోగ్రాంకి కావాల్సిన సమాచారం ఈ అలంకారాల మధ్యలో ఎక్కడో ఉంటుంది. కావాలంటే ఎకో ఆపవచ్చు, లైను చివరి మార్పూ ఆపవచ్చు. ఆపాలని తెలియనివాళ్లు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో గీకుతూ కూర్చుంటారు.

4.2 బీఎస్‌డీలో పీటీవై సంపాదించే పద్ధతి మాత్రం హాస్యాస్పదం. డెవ్ డైరెక్టరీలో జతలు జతలుగా పేర్లు ముందే పెట్టి ఉండేవి. పీ అక్షరంతో సున్నా నుంచి ఎఫ్ దాకా పదహారు, ఆ తర్వాత క్యూ, ఆర్. ఏది ఖాళీగా ఉందో చెప్పే నాథుడు లేడు. మొదటిది తెరిచి చూడు, కుదరకపోతే రెండోది, కాకపోతే మూడోది. ఈ పద్ధతినే తెచ్చుకున్న లినక్స్‌లో జతలు 256 దాకా ఉండేవి. అంతకన్నా ఘోరం భద్రత. ఖాళీగా ఉన్న స్లేవ్ కొన ఎవరైనా తెరవగలిగేలా ఉండేది. మీకన్నా ముందు ఎవడో తెరిచి పట్టుకు కూర్చుంటే మీరు కొట్టే పాస్‌వర్డ్ వాడు చదివేయగలడు. యజమాని పేరు మార్చాలంటే రూట్ హక్కు కావాలి. కాబట్టి ఎక్స్‌టర్మ్ లాంటి మామూలు విండో ప్రోగ్రాంకి కూడా రూట్ హక్కు కట్టబెట్టారు. అంత పెద్ద ప్రోగ్రాంలో ఎక్కడ లోపం దొరికినా మొత్తం యంత్రం పోయినట్టే.

బెల్ ల్యాబ్స్ యజమాని ఏటీ అండ్ టీ వైపు దీన్ని పద్ధతిగా చేశారు. రిచీ రాసిన స్ట్రీమ్స్ ఊహ మీద నిలబడి, 1980ల చివర్లో సిస్టమ్ ఫైవ్ నాలుగో విడుదల పీటీఎంఎక్స్ అనే ఒకే ద్వారం పెట్టింది. దాన్ని తెరిచిన ప్రతిసారీ కొత్త జత పుడుతుంది, జత స్లేవ్ పేరేమిటో అడిగి తెలుసుకోవచ్చు. యునిక్స్98 పీటీవైలని లినక్స్ వాళ్లు అంటున్నది ఈ పద్ధతినే. 1999 నాటి 2.2 కెర్నల్‌తో అది లినక్స్‌లో స్థిరపడింది. 2001 పాజిక్స్ ప్రమాణంలో మాస్టర్ తెరవడానికి ప్రత్యేక ఫంక్షన్ కూడా వచ్చింది. అప్పటిదాకా రెండు లోకాల తేడాలూ తలకెక్కించుకోవాలంటే రిచర్డ్ స్టీవెన్స్ 1992 పుస్తకంలో పందొమ్మిదో అధ్యాయమే దిక్కు. ఆ అధ్యాయం నేటికీ చదవదగ్గది.

ఒకసారి పీటీవై చేతికి వచ్చాక దాని మీద కట్టినవి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1984లో ఎంఐటీలో ఎక్స్ విండో పుడుతున్న రోజుల్లోనే ఎక్స్‌టర్మ్ వచ్చింది. డెక్ వీటీ102 టెర్మినల్‌ని బొమ్మగీసి చూపించే ప్రోగ్రాం అది. ఇప్పుడు మనం వాడే ప్రతి టెర్మినల్ విండోకీ అది పెద్దన్న. 1987లో బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీలో ఓలివర్ లౌమన్ స్క్రీన్ రాశారు. మోడెమ్ లైను తెగిపోయినా షెల్ చావకుండా పీటీవై మాస్టర్‌ని ఒక నేపథ్య ప్రాసెస్ పట్టుకుని కూర్చుంటుంది, మళ్లీ లాగిన్ అయి వచ్చి అందుకోవచ్చు. నేడు టీమక్స్ వాడేవాళ్లంతా అదే సుఖం అనుభవిస్తున్నారు. ఈమాక్స్ ఎడిటర్ లోపలే షెల్ నడిపేవాళ్లకి ఒక సెట్టింగ్ ఉంది: కొత్త ప్రాసెస్‌ని పీటీవై మీద నడపాలా, పైపు మీద నడపాలా అని. పైపు చాలే చోట పీటీవై పెట్టవద్దన్న ఇంగితం అంత పాత ఎడిటర్‌కే ఉంది.

కానీ ప్రోగ్రాం మనిషిలా నటించడం అనే కళని బహిరంగం చేసింది డాన్ లైబ్స్. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేస్తూ, జాన్ ఔస్టర్‌హౌట్ అప్పుడే రాసిన టికిల్ భాషని చూసి, దాని మీద ఎక్స్‌పెక్ట్ కట్టారు. 1990 వేసవి యూజ్‌నిక్స్ సభలో దాన్ని ప్రకటించారు. పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రామూ, డిస్క్ తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే లాంటివీ మనిషి తప్ప ఎవరితోనూ మాట్లాడం అని భీష్మించుకున్న కాలం అది. ఎక్స్‌పెక్ట్‌లో ముఖ్యమైన మాటలు మూడే: స్పాన్, ఎక్స్‌పెక్ట్, సెండ్. లేపు, ఫలానా మాట వచ్చేదాకా చూడు, ఫలానా జవాబు కొట్టు. నాకు ఇష్టమైన ఉదాహరణ రోగ్ అనే ఆటది. ఆట మొదలైనప్పుడు మీ వీరుడి బలం మామూలుగా 16 ఉంటుంది, అరుదుగా 18 వస్తుంది. ఎక్స్‌పెక్ట్ స్క్రిప్టు ఆటని లేపుతుంది, తెర మీద బలం చూస్తుంది, 18 కాకపోతే చంపేసి మళ్లీ లేపుతుంది. అదృష్టం తగిలినరోజు ఆటని మీ చేతికిచ్చి పక్కకి తప్పుకుంటుంది. రెండు చదరంగం ప్రోగ్రాముల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఆడించిన స్క్రిప్టు కూడా ఉంది. ఆ రెండింటిలో దేనికీ తన ఎదుటిది మనిషి కాదని తెలియదు.

ఈ నటనలో ఒక బలహీనత మాత్రం మొదటి నుంచీ ఉంది. మనిషికి ప్రాంప్ట్ చూసి, చదివి, వేళ్లు కదిలేసరికి కొంత వ్యవధి పడుతుంది. ప్రోగ్రాంకి పట్టదు. పాస్‌వర్డ్ అన్న మాట తెర మీద పడగానే జవాబు పంపేస్తే, అవతలి ప్రోగ్రాం ఎకో ఆపేలోపే పాస్‌వర్డ్ అందుతుంది, తెర మీదా లాగ్ ఫైల్లోనూ బాహాటంగా పడుతుంది. ఎక్స్‌పెక్ట్ తీరులోనే పైథాన్ కోసం వచ్చిన పీఎక్స్‌పెక్ట్ ఇందుకే ప్రతి సెండ్ ముందూ సెకనులో ఇరవయ్యో వంతు ఆగుతుంది. ఇది పరిష్కారం కాదు, సర్దుబాటు. యంత్రం మనిషంత నిదానంగా ఉన్నట్టు నటించాల్సి రావడం ఈ కథ మొత్తంలో నాకు ఎక్కువ నవ్వొచ్చే చోటు.

1995లో ఫిన్లాండ్‌లో తాతు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాక పీటీవై ప్రపంచమంతా పాకింది. ఎస్‌ఎస్‌హెచ్ చేసిన తెలివైన పని ఒకటుంది. ఊరికే లాగిన్ అయితే అవతల పీటీవై పెడుతుంది, కమాండ్ కూడా ఇచ్చి పిలిస్తే పెట్టదు. కావాలంటే టీ ఆప్షన్‌తో మనమే అడగాలి. రాత్రి క్రాన్‌లో సజావుగా నడిచిన స్క్రిప్టు పగలు చేత్తో నడిపితే వేరేలా ప్రవర్తించడం, సుడో ఒకచోట టెర్మినల్ లేదని తిరగబడటం, ఇలాంటివి హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో సర్వర్లు చూసుకునే మనవాళ్లకి కొత్తవి కావు. చాలాసార్లు ఆ గొడవ మూలం ఈ ఒక్క తేడాలోనే దొరుకుతుంది.

లినక్స్ పుట్టుకలోనూ టెర్మినలే ఉంది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదట రాసుకున్నది యూనివర్సిటీ కంప్యూటర్‌కి ఫోను లైను మీద కలవడానికి ఒక టెర్మినల్ ఎమ్యులేటర్. అదే పెరిగి కెర్నల్ అయింది. అయినా లినక్స్‌లో టీటీవై కోడ్ ఎవరికీ ముద్దొచ్చే బిడ్డ కాదు. దాన్ని ఏళ్ల తరబడి శుభ్రం చేస్తూ వచ్చిన అలెన్ కాక్స్ 2009 జులైలో ఆ బాధ్యత వదిలేసి వెళ్లిపోయారు. కారణం పీటీవైలో వచ్చిన ఒక మార్పు. నడుస్తున్న ప్రాసెస్ ముగిసినప్పుడు చివరి అవుట్‌పుట్ చదవడంలో ఈమాక్స్ లాంటివి తడబడ్డాయి. తప్పు కెర్నల్‌దా, ప్రోగ్రాములదా అని టోర్వాల్డ్స్‌తో మాటామాటా పెరిగింది. న్యాయం ఎటున్నా, కెర్నల్ పెద్దల్లో ఒకరు చేతులెత్తేశారంటే ఈ మూల ఎంత ముళ్లకంపో తెలుస్తుంది. స్లేవ్ కొన మూసుకున్నాక మాస్టర్ చదివితే ఈరోజుకీ లినక్స్ ఎర్రర్ చూపిస్తుంది, చాలా ఇతర యునిక్స్‌లు మర్యాదగా ఫైలు అయిపోయిందని చెబుతాయి. రెండు చోట్లా నడవాల్సిన ప్రోగ్రాం రాసేవాడు ఇది గుర్తుంచుకోవాల్సిందే.

పీటీవైని నిజంగా వదిలించుకున్నది ఒక్క ప్లాన్ 9. బెల్ ల్యాబ్స్‌లో యునిక్స్ రాసినవాళ్లే రాసిన ఆ సిస్టమ్‌లో ప్రతి విండోకీ తనదైన కన్సోల్ ఫైలుని విండో సిస్టమే అందిస్తుంది. కెర్నల్‌లో టీటీవై లేదు, పీటీవై అవసరమూ లేదు. చాలా అందమైన ఆలోచన. అందుకు చెల్లించిన మూల్యం, విమ్ లాంటి తెర నిండా పరుచుకునే పాత ప్రోగ్రాములన్నిటినీ గుమ్మం బయటే ఉంచడం. అంత మూల్యం ఇచ్చుకోవడానికి లోకం సిద్ధపడలేదు.

విండోస్ కథ దీనికి తలకిందులు. అక్కడ కన్సోల్ ప్రోగ్రాములు చాలావరకు అక్షరాల ప్రవాహంతో పనిచేసేవి కావు. తెర మీద ఫలానా గడిలో ఫలానా అక్షరం పెట్టు అని నేరుగా సిస్టమ్‌ని అడిగేవి. విండోస్ మీద యునిక్స్ ప్రోగ్రాములు నడిపించే సిగ్‌విన్ వాళ్లు పీటీవైని పైపులతో అనుకరించారు. దాని మింటీ విండోలో మామూలు విండోస్ పైథాన్‌ని లేపితే అది పైపు ఉందనుకుని ప్రాంప్ట్ కూడా చూపించకుండా మౌనం పట్టేది. విన్‌పీటీవై అనే ప్రోగ్రాం వచ్చి ఒక కన్సోల్‌ని కనపడకుండా తెరిచి, ఆ కన్సోల్ తెరని మాటిమాటికీ చదివి, ఏ గడి మారిందో పోల్చుకుని, దాన్ని అక్షరాల ప్రవాహంగా మార్చి పంపేది. చూస్తే జాలేస్తుంది, కానీ పనిచేసేది. చివరికి 2018 అక్టోబర్ విండోస్ 10 విడుదలలో మైక్రోసాఫ్ట్ కాన్‌పీటీవై పెట్టింది. పీడీపీ-6లో ఉన్న సౌకర్యం విండోస్‌కి చేరడానికి యాభై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు పీటీవై కనపడని చోట్లే ఎక్కువ. డాకర్‌కి ఐ, టీ అక్షరాలు కలిపి ఇచ్చేది ఇన్‌పుట్ తెరిచి ఉంచడానికీ, పీటీవై పెట్టడానికీ. వీఎస్ కోడ్ కింద తెరుచుకునే టెర్మినల్ వెనక అదే ఉంది. ఈమధ్య కోడ్ రాసిపెట్టే కృత్రిమ మేధ సహాయక ప్రోగ్రాములు షెల్ కమాండ్లు నడుపుతున్నాయి కదా, వాటికీ అదే పాత ధర్మసంకటం. పీటీవై ఇస్తే గిట్ లాగ్ మనిషి ఉన్నాడనుకుని పేజీ పేజీగా చూపిస్తూ తర్వాతి పేజీకి మీట నొక్కమని కూర్చుంటుంది, పని ఆగిపోతుంది. పైపు ఇస్తే పాస్‌వర్డ్ అడగాల్సినవి మొరాయిస్తాయి. 1967 నాటి బ్యాచ్ ప్రోగ్రాం చేసిన పనే ఈ సహాయక ప్రోగ్రాములూ చేస్తున్నాయి.

తెలుగువాళ్లకి మాత్రం ఇందులో ఒక సొంత ఫిర్యాదు ఉంది. టెర్మినల్ తెర గడుల లెక్క ఇంగ్లిష్ అక్షరాలకు కుట్టిన చొక్కా. స్త్రీ అనే ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు కోడ్ పాయింట్లు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. ఒకప్పుడు క్యాట్ దగ్గర బ్యాక్‌స్పేస్ కొడితే కెర్నల్ ఒక్క బైటు చెరిపి మిగతాది చెత్తగా వదిలేది. 2004లో లినక్స్ 2.6.4లో యూటీఎఫ్-8 గుర్తు ఒకటి టీటీవైకి వచ్చాక కోడ్ పాయింట్ మొత్తం చెరుపుతోంది. అయినా దీర్ఘం చెరిపితే తెర మీద ఒక గడి వెనక్కి జరుగుతుంది. నిజానికి గుడి దీర్ఘం విడిగా గడి పట్టదు. అంటే బఫర్‌లో ఒకటి, తెర మీద ఇంకొకటి. ఆ యూటీఎఫ్-8 గుర్తుని ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా అవతలికి చేరవేసే ప్రమాణం 2017లో గానీ రాలేదు. బ్యాష్ తన లైనుని తానే దిద్దుకుంటుంది కాబట్టి ఈ కష్టం కొంత కప్పబడింది, తీరలేదు.

భద్రత సంగతి చెప్పకుండా ముగించకూడదు. టెర్మినల్ ఇన్‌పుట్‌లోకి అక్షరాలు తోసే పాత సౌకర్యం ఒకటి, టీఐఓసీఎస్‌టీఐ, కెర్నల్‌లో ఉండేది. తక్కువ హక్కులతో నడుపుతున్న ప్రోగ్రాం, టెర్మినల్ ఒకటే కాబట్టి, ఎక్కువ హక్కులున్న షెల్ ముందు కమాండ్లు తానే కొట్టేయగలదు. ఓపెన్‌బీఎస్‌డీ 2017లో దాన్ని పీకేసింది. లినక్స్ 2023లో దాన్ని ఆపేసుకునే వీలు ఇచ్చింది. అదే ఏడాది సుడో తన కింద నడిచే కమాండ్లకు విడి పీటీవై పెట్టడాన్ని మామూలు పద్ధతి చేసింది. వేషం కోసం పుట్టింది ఇప్పుడు గోడగా కూడా పనికొస్తోంది.

మీ ప్రోగ్రాంలో షెల్ నడపాల్సి వస్తే ముందు పైపుతోనే ప్రయత్నించండి. అవుట్‌పుట్ ఆగిపోతుంటే బఫర్ పద్ధతి మార్చే ఆప్షన్ ఉందేమో చూడండి. అవతలి ప్రోగ్రాం మనిషి లేనిదే కదలనంటేనే పీటీవై తెరవండి. తెరిచాక విండో కొలతలు చెప్పండి, ఎకో ఆపండి, రాస్తున్నంతసేపూ చదువుతూ ఉండండి, లేకపోతే బఫర్ నిండి రెండు వైపులూ ఆగిపోతాయి. లినక్స్‌లో ఒక లైనుకి 4,095 బైట్లే పరిమితి, ఆ పైన కొట్టింది కెర్నల్ చప్పుడు చేయకుండా పారేస్తుంది. పెద్ద ఫైళ్లు ఈ దారిన పంపకండి.